కాగితం మీద పడి, తెర మీద లేచినవాళ్లు



శివకాశి, కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్లలో అచ్చుపని తెలిసినవాళ్లు తక్కువేం కాదు. ఇవాళ నేను చెప్పబోయేది వందేళ్లు దాటిన ఇటలీ మూకీ హాస్యం గురించి. ఇటలీకీ మనకీ ఏం సంబంధం అనిపించవచ్చు. ఆ హాస్యానికి మూలం అచ్చుకాగితం. బొమ్మలు వేసిన కాగితం. ఆ కాగితం సంగతి శివకాశి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే ఈ కథ మీకు చెప్పాలని ఎన్నాళ్ల నుంచో నా కోరిక.

ముందు ఫ్రాన్సులో మొదలుపెడదాం. 1895లో లూమియేర్ సోదరులు తీసిన చిట్టి సినిమా ఒకటుంది. నిమిషం కూడా ఉండదు. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతుంటాడు. వెనక నుంచి ఒక కుర్రాడు వచ్చి గొట్టాన్ని కాలితో తొక్కి పడతాడు. నీళ్లు ఆగిపోతాయి. తోటమాలి గొట్టం మూతిని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఏమైందా అని చూస్తాడు. కుర్రాడు కాలు తీసేస్తాడు. నీళ్లు ఒక్కసారిగా మొహం మీద చిమ్ముతాయి. తోటమాలి కుర్రాణ్ణి తరిమి పట్టుకుని రెండు తగిలిస్తాడు. సినిమా చరిత్రలో మొదటి హాస్యచిత్రంగా దీన్నే చెబుతారు. అయితే ఈ తమాషా తెర మీద పుట్టింది కాదు. క్రిస్తోఫ్ అనే కలంపేరుతో బొమ్మలు వేసే ఫ్రెంచి చిత్రకారుడు 1889లోనే ఒక పిల్లల పత్రికలో దీన్ని మాటల్లేని బొమ్మల వరసగా వేశాడు. అంటే సినిమా నవ్వడం నేర్చుకున్న మొదటి రోజునే కాగితం దగ్గర పాఠం చెప్పించుకుంది.

ఇటలీలో ఈ పాఠం పెద్ద ఎత్తున సాగింది. 1908 డిసెంబరు 27న మిలాన్ నగరంలో ‘కొర్రియేరే దెయ్ పిక్కోలి’ అనే పిల్లల వారపత్రిక మొదలైంది. కొర్రియేరే దెల్లా సేరా అనే పెద్ద దినపత్రికకు అది అనుబంధం. రంగుల బొమ్మల కథలు దానికి ప్రాణం. అమెరికా పత్రికల నుంచి కొన్ని కథలు తెచ్చుకుని, వాటికి ఇటలీ పేర్లు పెట్టుకున్నారు. ఫ్రెడరిక్ ఆపర్ సృష్టించిన హ్యాపీ హూలిగన్ అనే దేశదిమ్మరి, నెత్తిన రేకుడబ్బా టోపీగా పెట్టుకు తిరిగేవాడు, ఇటలీకి వచ్చి ఫోర్తునెల్లో అయ్యాడు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర మాటల బుడగలు ఉంటాయి కదా, ఆ పత్రికవాళ్లు వాటిని తీసేశారు. బొమ్మ కింద ప్రాసతో రెండేసి పాదాల పద్యం వేశారు. పిల్లలకు చదువు వస్తుందని వాళ్ల ఉద్దేశం. ఫలితం ఇంకోలా వచ్చింది. బుడగ పోవడంతో బొమ్మలోని మనిషి మూగవాడయ్యాడు. నవ్వించాలంటే ఇక ఒళ్లే దిక్కు. కాళ్లు, చేతులు, బోర్లా పడటం, ఎగిరి పడటం. మూకీ సినిమాకు కావలసిన విద్య అంతా పిల్లలు ప్రతి వారం ఆ పేజీల్లో చూస్తున్నారు.

ఆ పత్రికలోనే అత్తిలియో ముస్సీనో అనే చిత్రకారుడు బిల్బోల్బుల్ అనే పాత్రను తెచ్చాడు. ఇటలీవాళ్లు తమ మొదటి కామిక్స్ పాత్రగా దాన్నే చెప్పుకుంటారు. వాడొక ఆఫ్రికా పిల్లవాడు. ఆ పిల్లవాణ్ణి గీసిన తీరులో వలసలు పట్టిన దొరల చూపు ఉంది. ఇవాళ చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అందులోని ఊహ వేరే స్థాయిది. మనం మాటవరసకు అనేవన్నీ వాడి ఒంటికి నిజంగా జరిగిపోతాయి. సిగ్గుపడితే ఒళ్లంతా రంగు మారిపోతుంది. ఒళ్లు సాగుతుంది, ముక్కలవుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. వచ్చే వారానికి వాడు ఎప్పటిలా నిక్షేపంగా ఉంటాడు.

ఈ పత్రిక మొదలైన కొద్ది కాలానికే, 1909 మొదట్లో, మిలాన్ పక్కనున్న టురిన్ నగరంలో ఒక మనిషి దిగాడు. శివకాశి నుంచి మదురై ఎంత దూరమో దానికి రెట్టింపు ఉంటుంది ఆ రెండు ఊళ్ల మధ్య. ఆ మనిషి పేరు ఆంద్రే డీడ్. ఫ్రెంచివాడు. గారడీలు, పిల్లిమొగ్గలు, పాటలు అన్నీ వచ్చినవాడు. మాయాచిత్రాల మెలియెస్ దగ్గర పనిచేశాడు. పాథే కంపెనీలో బోయిరో అనే పాత్ర వేసి పేరు తెచ్చుకున్నాడు. టురిన్‌లోని ఇతాలా ఫిల్మ్ కంపెనీ అతణ్ణి పిలిపించుకుంది. ఆ కంపెనీని నడిపిన జొవాన్ని పస్త్రోనే తర్వాత 1914లో ‘కబీరియా’ అనే మహాచిత్రం తీశాడు. డీడ్ ఇటలీలో వేసిన పాత్ర పేరు క్రెతినెత్తి. ఇంగ్లండులో ఫూల్స్‌హెడ్ అన్నారు, ఫ్రాన్సులో గ్రిబూయ్ అన్నారు. మాట లేని సినిమా కనక ఏ దేశంలో ఏ పేరు పెట్టినా సరిపోయేది.

క్రెతినెత్తి మనకు కొత్తవాడు కాడు. పరమానందయ్య శిష్యుల్లో ఒకడు. చెడ్డవాడు కాడు, సోమరి అసలే కాడు. చెప్పిన పనిని ప్రాణం పెట్టి చేస్తాడు, ఆ చేయడంలో ఇల్లు కూలిపోతుంది. అమెరికా హూలిగన్‌దీ ఇదే వరస. ఎవరికో మేలు చేయబోతాడు, చివరి గడిలో పోలీసు చేత చిక్కుతాడు. డీడ్ సినిమాలు కొన్ని నిమిషాల రీలు. ఒక రీలుకు ఒక పని, ఒక విధ్వంసం. బొమ్మల పేజీ పద్ధతి సరిగ్గా ఇదే. వేషం మారదు, మొహం మారదు, ఈ వారం ఏ కొంప ముంచుతాడో చూద్దామని జనం వస్తారు. ఒక నటుడికి ఒక పేరు, ఆ పేరు మీద వరసగా పదుల కొద్దీ చిత్రాలు అనే ఏర్పాటు వారపత్రికకు అలవాటు పడిన జనానికి వెంటనే పట్టుబడింది.

1909లో వచ్చిన ఒక చిత్రం గురించి కొంచెం వివరంగా చెబుతాను. క్రెతినెత్తి ఎంత అందగాడో అని దాని పేరు. మన వీరుడు ఎక్కడికో పెళ్లికి బయలుదేరుతూ సోకు చేసుకుంటాడు. దారిలో కనిపించిన ప్రతి ఆడమనిషీ అతణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. ఒకరు వెంటపడతారు, ఇద్దరు వెంటపడతారు, చివరికి ఒక గుంపు తరుముకొస్తుంది. ఆ గుంపులో గౌన్లు వేసుకున్న మగవాళ్లూ ఉన్నారు, పరుగు చూస్తేనే తెలుస్తుంది. పట్టుకుంటారు. తలా ఒక చెయ్యి, తలా ఒక కాలు లాగేసరికి క్రెతినెత్తి ముక్కలైపోతాడు. ఆడవాళ్లు భయపడి పారిపోతారు. ఖాళీ నేల మీద కాళ్లు, చేతులు, మొండెం, తల. అప్పుడా ముక్కలు తమంతట తామే కదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. క్రెతినెత్తి లేచి నిలబడతాడు.

ఈ మాయ ఎలా చేశారు? ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. మనిషి నిలబడ్డ చోట తిప్పడం ఆపుతారు. మనిషిని తీసేసి అతుకుల బొమ్మను పెడతారు. మళ్లీ తిప్పుతారు. ఆపిన క్షణం ఫిల్ము మీద ఉండదు. చూసేవాడికి మనిషే ముక్కలైనట్టు ఉంటుంది. ఇక్కడే నాకు కాగితానికీ తెరకూ ఉన్న రక్తసంబంధం కనపడుతుంది. బొమ్మల కథలో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య సన్నని తెల్లని ఖాళీ ఉంటుంది. ఈ గడిలో మనిషి నిచ్చెన మీద ఉంటాడు, వచ్చే గడిలో నేల మీద ఉంటాడు. పడటాన్ని ఎవరూ గీయలేదు. ఆ ఖాళీలో మన మనసే అతణ్ణి పడేసింది. దెబ్బ తగిలిన నొప్పి కూడా ఆ ఖాళీలోనే పోతుంది. అందుకే నవ్వగలుగుతాం. డీడ్ కెమెరా ఆపిన ఆ క్షణం సరిగ్గా ఆ తెల్లని ఖాళీయే. సర్కస్ విద్య ఎంత ఉన్నా, నిజమైన ఒళ్లు ముక్కలై మళ్లీ కలవదు. గీసిన ఒళ్లు కలుస్తుంది. ఇటలీ హాస్యనటులు గీసిన ఒంటిని తమ ఒంటి మీదికి తెచ్చుకున్నారు. నా దృష్టిలో వాళ్ల గొప్పతనమంతా ఇందులో ఉంది.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది వింత అనిపించదు. ఆంధ్రదేశంలో కేతిగాడు, జుట్టు పోలిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో దూరి కొట్టుకుంటారు, తిట్టుకుంటారు. తమిళదేశపు తోలుబొమ్మల్లో ఉచ్చిక్కుడుంబన్, ఉళువత్తలైయన్ చేసేదీ అదే పని. చేతులు, కాళ్లు విడివిడిగా కోసి దారంతో కుట్టిన బొమ్మకు ఎంత దెబ్బ తగిలినా తెర మీద మళ్లీ తలెత్తుతుంది. రాముడి కష్టానికి ఏడుస్తున్న జనమే కేతిగాడి వీపు మోగితే పగలబడి నవ్వేవారు.

ఇక డీడ్ ఒక్కడే కాదు. అతని విజయం చూసి ఇటలీలోని ప్రతి కంపెనీ ఒక నవ్వులవాణ్ణి వెతుక్కుంది. రోములోని చీనెస్ కంపెనీకి సర్కస్ కుటుంబంలో పుట్టిన ఫెర్దినాన్ గిలోమ్ దొరికాడు. 1910 నుంచి అతని పాత్ర పేరు తొంతొలీని, 1912 నుంచి టురిన్‌లో పాస్క్వాలి కంపెనీకి పొలిదోర్. 1911లో అతను పినోకియో వేషం వేశాడు. కొయ్యబొమ్మ పాత్ర. అదే సంవత్సరం పినోకియో పుస్తకానికి కొత్తగా రంగుల బొమ్మలు వేసి అచ్చుకిచ్చింది ఎవరనుకున్నారు? బిల్బోల్బుల్‌ను సృష్టించిన ముస్సీనోయే. ఒకే ఏడాది ఒకే కొయ్యబొమ్మ, ఒకచోట కాగితం మీద, ఇంకోచోట తెర మీద. చిత్రకారులూ విదూషకులూ ఎంత దగ్గరగా ఒకే గాలి పీల్చుకున్నారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అంబ్రోజియో కంపెనీలో రొబినే అనే పేరుతో మార్సెల్ ఫాబ్ర్ ఉండేవాడు. స్పెయిన్ వాడు. 1914లో అతను తీసిన ఒక ప్రేమకథ చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. కథంతా పాదాలే. మగవాడి బూట్లు ఒక ఆమె బూట్ల వెంట నడుస్తాయి. ఒక చీటీ చేరవలసిన చోటికి చేరుతుంది. సైనికుడి బూట్లు అడ్డు వస్తాయి. ద్వంద్వయుద్ధం కూడా పాదాల దగ్గరే జరిగిపోతుంది. మొహాలు దాచి ఒట్టి కాళ్లతో కథ చెప్పాలన్న ఆలోచన నాటకరంగం నుంచి వచ్చేది కాదు. గడి గీసి, గడిలో ఏం పట్టాలో ఎంచుకునే బొమ్మల మనిషికి వచ్చే ఆలోచన అది.

ఈ చిత్రాలు ఇటలీలో ఆడుతున్న కాలంలోనే మచిలీపట్నం నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ రఘుపతి వెంకయ్య, ఫొటో స్టూడియో నడుపుకుంటూనే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, విదేశాల చిట్టి సినిమాలు ఊరూరా చూపించాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. అప్పట్లో సినిమా అంటే ఇలాంటి పొట్టి చిత్రాల దండే. మూకీలకు తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవారు. కాకినాడ కస్తూరి శివరావు అలా వ్యాఖ్యాతగా మొదలైనవాడే. ఆయన తర్వాత తెలుగు టాకీల్లో మొదటి తరం హాస్యతార అయ్యాడు. 1950లో స్వయంగా ‘పరమానందయ్య శిష్యులు’ సినిమా తీశాడు. మూకీ బొమ్మలకు మాట అరువిచ్చిన మనిషి, మాటలు వచ్చాక మన సొంత క్రెతినెత్తుల కథను ఎంచుకోవడం నాకు చాలా సబబుగా కనిపిస్తుంది.

కాగితం నుంచి తెరకు నడిచిన మరో తెలుగువాణ్ణి తలుచుకోకుండా ముందుకు పోలేను. బాపు. కార్టూన్లతో పేరు తెచ్చుకుని, 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యాడు. సినిమాను షాటు షాటుగా ముందే బొమ్మలు గీసుకునేవాడు. ఆయన సినిమాల్లో మనుషులు గడిలో నిలబడ్డట్టు నిలబడతారు, చాలాసార్లు మాట కంటే ముందు ఆ నిలబడటమే నవ్విస్తుంది.

ఇటలీ కథకు వస్తే, అది ఎక్కువ కాలం సాగలేదు. 1912లో డీడ్ ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాడు. 1914లో యుద్ధం వచ్చింది. 1915లో ఇటలీ కూడా దిగింది. ఆ ఏడాది డీడ్ మళ్లీ వచ్చి శత్రువిమానాల భయం మీద ఒక చిత్రం చేశాడు. విమానదాడి జాగ్రత్తలు చదివి, ఒక్కొక్కటీ తు.చ. తప్పకుండా పాటించబోయి, బాంబు పడకముందే ఇంటిని తానే ధ్వంసం చేస్తాడు. 1921లో యంత్రమానవుడి మీద ఒక పెద్ద చిత్రం తీశాడు. అప్పటికే చాప్లిన్ చిత్రాలు ప్రపంచాన్ని ఊపేస్తున్నాయి. పాత రీళ్లలో చాలా భాగం పోయాయి. పిల్లల తమాషాలే కదా, దాచడం ఎందుకని వదిలేశారు. పొలిదోర్ మాత్రం చాలాకాలం బతికాడు. 1960లో ఇటలీ దర్శకుడు ఫెలీని తన ‘లా దోల్చే వీటా’లో బూరా ఊదే ముసలి విదూషకుడిగా అతణ్ణి నిలబెట్టాడు. దాచుకోదగిన వాళ్లను ఫెలీని గుర్తుపట్టాడు. అతను కూడా కుర్రతనంలో కార్టూన్లు గీసినవాడే.

ఇప్పుడు శివకాశికి వద్దాం. 1920ల మొదట్లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. శివకాశిలో వానలు తక్కువ, గాలి పొడి. అగ్గిపుల్లకూ టపాకాయకూ మంచిదైన ఆ పొడిగాలి, అచ్చు సిరా ఆరడానికీ మంచిదైంది. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, టపాసుల పెట్టెకు లేబుల్ కావాలి, అలా ప్రెస్సులు పెరిగాయి. ఆ ప్రెస్సుల ఊళ్లో 1972లో సౌందరపాండియన్ ముత్తు కామిక్స్ మొదలుపెట్టారు. బ్రిటిష్ కామిక్స్‌లోని ఉక్కుచేతి వీరుడు ‘ఇరుంబుక్కై మాయావి’గా తమిళ పిల్లల చేతికి వచ్చాడు. 1984లో ఆయన కుమారుడు విజయన్ లయన్ కామిక్స్ ప్రారంభించారు. ఇటలీలో 1948లో పుట్టిన కామిక్స్ వీరుడు టెక్స్ విల్లర్ శివకాశిలో తమిళం మాట్లాడుతున్నాడు. ఆ టెక్స్‌ను అచ్చువేసే బొనెల్లి సంస్థ ఉన్నది మిలాన్‌లోనే. కొర్రియేరే దెయ్ పిక్కోలి పుట్టిన ఊరు. బెల్జియం వాళ్ల లక్కీ లూక్ కూడా ఇక్కడ అచ్చయ్యాడు. అందులో డాల్టన్ సోదరులు నలుగురూ ఒకరి మీద ఒకరు పడే తీరు చూడండి. పొడుగు వరసలో నిలబడి, ఒకడు చేసిన తప్పుకు నలుగురూ బోల్తా పడతారు. క్రెతినెత్తి వంశమే.

రంగుల బొమ్మ అచ్చయ్యే చోట నిలబడి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు, ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. షీటు అంచుల్లో కూడిక గుర్తులాంటి రిజిస్టర్ మార్కులు ఉంటాయి. మెషిన్‌మ్యాన్ షీటు లాగి, భూతద్దం పెట్టి, నాలుగు రంగుల గుర్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా అని చూస్తాడు. ప్రకృతి దృశ్యమున్న క్యాలెండరులో వెంట్రుకవాసి తేడా వస్తే చాలామంది పట్టించుకోరు. బొమ్మల కథలో అలా కుదరదు. అక్కడ మొహమంటే రెండు చుక్కలు, ఒక గీత. ఆ గీత పక్కకు జరిగితే ఆశ్చర్యం కోపంలా కనిపిస్తుంది, నవ్వు ఏడుపవుతుంది, తమాషా చచ్చిపోతుంది. నవ్వించే బొమ్మను అచ్చువేయడానికి దేవుడి బొమ్మకు పెట్టినంత శ్రద్ధ పెట్టాలి. ఆ శ్రద్ధ పెట్టిన చేతులకు ఈ ఊళ్లో ఎవరూ సన్మానాలు చేసినట్టు నేను వినలేదు. చేయాలని నేను గట్టిగా అంటాను.

పాత ముత్తు కామిక్స్, పాత లయన్ కామిక్స్, పాత అగ్గిపెట్టె లేబుళ్లు, టపాసుల లేబుళ్లు మీ ఇళ్ల అటకల మీద ఉండే ఉంటాయి. పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. టురిన్‌లో ఆ పాత సినిమా రీళ్లు అలా విలువ తెలియకే పోయాయి. మిగిలిన కొద్ది రీళ్లను ఇవాళ టురిన్, బొలోన్యా నగరాల్లోని సినిమా భాండాగారాలు ఎంతో ఖర్చుపెట్టి బాగుచేసుకుంటున్నాయి. కొన్ని ఇంటర్నెట్‌లో చూడటానికి దొరుకుతున్నాయి కూడా.

చూడాలనుకునేవాళ్లు ముందు లేయా జూంకి అనే ఇటలీ హాస్యనటి సినిమా ఒకదానితో మొదలుపెట్టండి. ఆ కాలపు హాస్యంలో ఆడవాళ్లకు తమ పేరు మీద చిత్రాల వరస ఉండటం అరుదు. ఆమెకు ఉంది. 1913లో వచ్చిన ఆ చిత్రంలో లేయా పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. ఆడపిల్లకు చదువేమిటని అమ్మానాన్నలు పుస్తకం లాక్కుని అల్లికపని చేతికిస్తారు. ఊలుఉండ ఎక్కడో దొర్లిపోతుంది. లేయా దాన్ని వెతకడం మొదలుపెడుతుంది. కుర్చీలు తిరగబడతాయి, బల్లలు తిరగబడతాయి, బీరువాలు ఖాళీ అవుతాయి, ఇల్లు యుద్ధభూమి అవుతుంది. చెప్పిన పనే కదా చేస్తోంది, ఎవరేమంటారు? చివరికి పెద్దవాళ్లే దండం పెట్టి పుస్తకాన్ని తిరిగి ఆమె చేతిలో పెడతారు. పదినిమిషాలు కూడా పట్టదు. ఇంట్లో ఆడపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.